కేరవాన్ పక్కన ఒంటె

"ఇది మనుషులుండే చోటా, సంతా?"

శ్రీరామమూర్తి కేరవాన్ తలుపు దభాలున తోసి, లుంగీ ఎగ్గట్టుకుని కంచె దాకా ఉరికాడు. ఇంకా సరిగ్గా తెల్లారలేదు. కంచె అవతల ఒంటెల కాపరి ముత్యం వాకీటాకీ మీట నొక్కి "హుర్ర్! హుర్ర్!" అంటున్నాడు. ఆ కేక ఒంటె వీపున కట్టిన మరబొమ్మ జాకీ స్పీకర్లోంచి పదింతలై మోగుతోంది. ఒంటె మాత్రం తాపీగా నెమరేస్తోంది.

"బుద్ధుందా నీకు? రోజూ ఇదే గోల! మేం నిద్రపోవద్దా?"

ఆ గర్జనకు ఒంటె అదిరిపడి తాడు విడిపించుకుని పారిపోయింది. ముత్యం లబోదిబోమంటూ దాని వెనక పడ్డాడు.

దోహాలో చప్పుళ్లకు బీపీ పెరుగుతోందని, డాక్టరు ప్రశాంతంగా ఉండమన్నాడని, అల్ అజీజియాలో ఫ్లాటు ఖాళీ చేసి, షహానియాలో ఒంటె పందేల మైదానం దగ్గర ఈ చక్రాలింట్లో కాపురం పెట్టాడు శ్రీరామమూర్తి. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది.

ముత్యం రొప్పుతూ ఒంటెను పట్టుకొచ్చాడు. "తప్పైంది సారూ. శుక్రారం పందెమున్నది. ఎంత అదిలిచ్చినా ఇది ఉరకది. ఈసారి గూడ ఓడితే మా ఓనర్ అర్బాబ్ నన్ను కొలువుల కెళ్లి తీసేస్తనన్నడు."

"తీసెయ్యనీ! పీడ విరగడవుతుంది!"

"అరవకండీ, మీకసలే బీపీ," అంది లోపలినుంచి భార్య సుబ్బలక్ష్మి.

"నేనెక్కడ అరుస్తున్నాను!" అని అరిచాడు శ్రీరామమూర్తి. ఒంటె మళ్లీ తాడు గుంజింది.

ఇక నౌకరుతో కాదు, యజమానితోనే తేల్చుకుందామని శుక్రవారం మైదానానికి వెళ్లాడు. పందెం సాగినంతసేపూ యజమానుల కార్లు ఒంటెల పక్కనే పరుగెడతాయి. అర్బాబ్ అప్పటికే స్టీరింగ్ ముందున్నాడు. పక్క సీట్లో ముత్యం, ఒళ్లో వాకీటాకీ.

"ఇప్పుడు ఇనడు సారూ. ఎనక ఎక్కుండ్రి, కార్లనే మాట్లాడుదురు," అని ముత్యం దిగి తలుపు తెరిచాడు.

పందెం మొదలైంది. ముత్యం "హుర్ర్! హుర్ర్!" అని గొంతు చించుకున్నాడు. వాళ్ల ఒంటె అన్నిటికన్నా వెనక పెళ్లినడక నడుస్తోంది. అర్బాబ్ ముత్యం వంక కొరకొరా చూశాడు.

ముత్యం ఒక్కసారిగా వెనక్కి తిరిగాడు. "ఔ సారూ, మీ నిద్ర పోతే నాకేంది? రేపటి సంది ఇంకా జోర్ల ఒర్లుత. ఏం జేస్కుంటరో జేస్కోండ్రి!"

మొన్న తప్పైందన్న మనిషేనా వీడు! శ్రీరామమూర్తికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఒరేయ్ వెధవా! ఎవరితోరా మాట్లాడుతున్నావు? సిగ్గూ శరమూ లేని దున్నపోతా! నీ అంతు చూస్తాను!"

"గంతేనా సారూ?"

"తోలు వలుస్తాను! ఈ దేశంలోనే లేకుండా చేస్తాను! పో! పోరా!"

తెలుగు ముక్క రాని అర్బాబ్ "యల్లా! యల్లా!" అని స్టీరింగ్ బాదుతున్నాడు. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. బయట హారన్ల మోత. శ్రీరామమూర్తి కిటికీ వంక చూస్తే కదా! గుండెల్లో ఉన్నదంతా కక్కేశాడు.

కారు ఆగింది. అర్బాబ్ కిందికి దూకి, అన్నిటికన్నా ముందు గీత దాటిన తన ఒంటె మెడ వాటేసుకున్నాడు.

తిట్టే ఓపిక లేక శ్రీరామమూర్తి సీట్లో కూలబడ్డాడు.

అప్పుడుగానీ ముత్యం వాకీటాకీ మీట మీంచి బొటనవేలు తీయలేదు.