జేబు మీద చిలక

"నా చిలకని అందరికీ పంచిపెట్టేశావా అమ్మమ్మా?" స్కూలు సంచీ విసిరికొట్టి, కుట్టుమిషను ముందుకొచ్చి నిలదీసింది మనవరాలు.

"నీకోసమేనే బుజ్జీ! నీ గౌను జేబు మీద నేను కుట్టిన చిలకని చూసి పిల్లలు నవ్వారని మొన్న వెక్కివెక్కి ఏడ్చావు కదా! అందుకే వాళ్ళమ్మల్ని బతిమాలి, నీ క్లాసులో అందరి జేబులకీ అదే చిలకని కుట్టాను. ఇంకెవరు నవ్వుతారు?"

"ఎవరూ నవ్వట్లేదు. నన్నసలు ఎవరూ చూడట్లేదు! ఇది నీకొక్కదానికే అని ఒట్టేశావుగా?"

"నవ్వితే ఏడుస్తావు, నవ్వకపోతే అలుగుతావు. నీతో వేగలేనే తల్లీ!"

పిల్ల మిషను మీది కత్తెర తీసుకుని, తన చిలక కుట్లు ఒక్కొక్కటే తెంపేసింది. పచ్చదారం ముక్కలు అమ్మమ్మ ఒళ్ళో రాలాయి.

"ఇప్పుడు చిలక లేనిది నాకొక్కదానికే," అంది.

అమ్మమ్మకి అప్పుడు తట్టింది. మొన్న అంత ఏడుపులోనూ ఈ పిల్ల ఆ జేబుని అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుందే గానీ, చిలకని తీసెయ్యమని ఒక్కసారీ అనలేదు.