వేగిస చెక్క గ్లాసు

“కండ్లు పచ్చబడినాయి నాయనా. రేపు నంద్యాలకు పోయి స్కానింగ్ తీపిద్దాం” అంది భార్గవి.

ఆళ్లగడ్డ ఎరువుల వ్యాపారి అనంతయ్య వేగిస చెక్క గ్లాసులో బ్రాందీ పోసుకున్నాడు. ఆ చెక్కలోని పదార్థాలు లివర్‌ను కాపాడతాయని ఫార్మసీ కాలేజీలో పరిశోధన చేసి రాసింది ఆయన కూతురు భార్గవే.

“నాకేంటికమ్మా స్కానింగు? ఈ చెక్క కాపాడుతాదని రాసింది నువ్వే గదా!”

“అది ఎలుకల మీద చూసి రాసినా.”

“వాటి లివర్లు బాగుండాయా, లేదా?”

“శానా బాగుండాయి.”

“యాడ తీపిచ్చినారు వాటికి స్కానింగు? నంద్యాలలోనేనా?”

“స్కానింగ్ ఏందీ నాయనా, కోసి చూసినాం.”

అనంతయ్య గ్లాసు నోటి దాకా తెచ్చి ఆగాడు.

“అన్నిట్నీనా?”

“అన్నిట్నీ.”

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

“పొద్దున ఎన్నింటికి బయలుదేరాలమ్మా?”