చదరపు దీపాల బండి

“దోవలో ఏమన్నా అయితే ఆడనే దించేస్తా. ముందే సెప్తాండా.”

డ్రైవర్ నారాయణ ఆ మాట నంద్యాల స్టాండంతా వినపడేటట్టు అన్నాడు. అప్పటికే అతనూ నతానియేలూ చెరో వైపు పట్టుకుని మత్తయిని టార్పాలిన్ కప్పిన పికప్ వెనక తొట్టిలో చాప మీద పడుకోబెట్టారు. మత్తయి నతానియేలు తండ్రి. పెద్దాసుపత్రి డాక్టర్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇల్లు ఆళ్లగడ్డలో.

“సరేలే అన్నా,” అన్నాడు నతానియేలు.

ఇంకేమంటాడు? మిగతా డ్రైవర్లంతా మత్తయి వాలకం చూడగానే మొహం తిప్పుకున్నారు. వాళ్లనీ తప్పుపట్టలేం. శవం ఎక్కిన బండిని పెళ్లివాళ్లు పిలవరు. పెళ్లిళ్ల కాలంలో ఆ పేరు పడితే బండిని ఇంటి ముందు పెట్టుకుని తుడుచుకుంటూ కూర్చోవడమే. నారాయణది మరీ కొత్త బండి. కంపెనీ ఆ ఏడాదే ఆకారం మార్చి వదిలిన మోడల్. అహోబిలంలో పూజ చేయించి వారం కూడా కాలేదు. మర్నాడే యాగంటిలో పెళ్లి బాడుగ ఉంది.

నతానియేలుకు ఒకటే ఆరాటం. తండ్రిని తన ఇంట్లో, తల్లి ఏసమ్మ ముందర దించాలి. ఎండలో, రోడ్డు పక్కన కాదు.

బండి కదిలింది. దాంతోపాటే నారాయణ నోరూ కదిలింది. కేబిన్ వెనక కిటికీ తెరిచిపెట్టి, తొట్టిలో కూర్చున్న నతానియేలుకు వినపడేలా అరుస్తూనే ఉన్నాడు.

“పాత మోడల్ సూసినావాప్పా? గుండ్రం దీపాలు, కప్ప మొహం. ఇది సూడు. చదరం దీపాలు, నల్ల జాలీ. ఎట్లుండాది?”

“బాగుండాది.”

“ఊరికే బాగుండాదంటే ఎట్లా? మా బామ్మర్ది కిరసనాయిలు డబ్బాకు కండ్లు పెట్టినట్లుండాదంటాడు. నువ్వు సెప్పు.”

నతానియేలుకు ఒళ్లు మండింది. వెనక మనిషి ఇలా పడి ఉంటే ఈయనకు బండి సోకులు కావాల్సి వచ్చాయి! అయినా అవసరం తనది. “డబ్బా మాదిరేం లేదులే అన్నా,” అన్నాడు.

“ఇంజన్ సంగతేందీ? పెట్రోలు తీసేసి డీజిల్ పెట్టినారు. సప్పుడు జాస్తి, గుంజుడూ జాస్తి. వింటాండావా?”

“వింటాండాలే.”

వినక చస్తాడా! ఆ మోతకు తొట్టి రేకులన్నీ అదురుతున్నాయి. గుంత వచ్చినప్పుడల్లా తండ్రి తల దొర్లిపోకుండా నతానియేలు రెండు చేతులా పట్టుకున్నాడు. తువ్వాలు కొస పళ్ల మధ్య గట్టిగా బిగించాడు. రెండు నిమిషాలు పలక్కపోతే చాలు, ముందు నుంచి మళ్లీ కేక. సీట్లు ఎట్లున్నాయి? రంగు నచ్చిందా? ఈ రంగు మీద దుమ్ము కనపడుతుందా?

శిరివెళ్ల దగ్గర పోలీసులు బండ్లన్నీ ఆపేశారు. అంతకుముందు రోజు దగ్గర్లో ఏదో ఊళ్లో బాంబులు పడ్డాయట. తొట్లూ డిక్కీలూ వెతుకుతున్నారు. వరసలో ఆగిన డ్రైవర్లకు కాలక్షేపం దొరికింది. కొత్త బండి చుట్టూ చేరారు.

“మొహం బాగలేదప్పా,” తేల్చేశాడు ఒక లారీ డ్రైవరు. “ఈ ఇంజను గిద్దలూరు ఘాటు యాడెక్కుతాది?”

“తొట్టి పొడుగెంతో సూద్దాం పా,” అంటూ ఇంకొకడు వెనక్కి వచ్చి టార్పాలిన్ మీద చెయ్యి వేశాడు.

నతానియేలు లోపలి నుంచి టార్పాలిన్ కొసను గట్టిగా పట్టుకున్నాడు.

నారాయణ వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేసి ముందుకు లాక్కుపోయాడు. “తొట్టిలో ఏముందప్పా, ఉత్త రేకు! బండి సూడాలంటే ఇంజన్ సూడాల.” బానెట్ ఎత్తాడు. అందరూ దాని మీద ముసురుకున్నారు. ఘాటు ఎక్కుతుందనీ, ఎక్కదనీ ఒకటే రచ్చ.

ఇంతలో కానిస్టేబుల్ వెనక్కి వచ్చి టార్పాలిన్ ఎత్తాడు. “ఎవరీయన? కదలడేందీ?”

నతానియేలు తడిగుడ్డ తీసుకుని తండ్రి పెదవులకు అద్దాడు.

“పెద్దాసుపత్రి నుంచి సార్,” నారాయణ పరుగున వచ్చి అందుకున్నాడు. “దోవలో ఏం కాకుండా దించేస్తే సాలని అహోబిలం సామికి మొక్కుకుంటాండా. కొత్త బండి గదా! అది సరే, మీరు సెప్పండి సార్. ఈ చదరం దీపాలు బాగుండాయా, పాత గుండ్రాలా?”

కానిస్టేబుల్ టార్పాలిన్ వదిలేసి ముందుకు నడిచాడు. దీపాల వంక చూసి నవ్వాడు. “పాతవే బాగుండె. నీ బండి పిచ్చి తగలెయ్యా, పో!”

నతానియేలుకు నారాయణ మీద అసహ్యం వేసింది. నంద్యాల నుంచీ ఈ మనిషి ఒక్కసారైనా వెనక్కి తిరిగి, ఎట్లుండాడప్పా అని అడగలేదు. తండ్రి కంటే ఆ రెండు గాజు పెంకులే ఎక్కువయ్యాయి. ఇల్లు చేరాక నాలుగు మాటలు కడిగేయాలనుకున్నాడు.

బండి ఆళ్లగడ్డ చేరింది. చర్చి వీధిలోకి తిరిగి ఇంటి ముందర ఆగింది. వీధి పిల్లలు పరిగెత్తుకొచ్చి కొత్త బండిని చేతులతో తడుముతున్నారు. నారాయణ వాళ్లను కసరలేదు. దిగి వెనక్కి వచ్చి టార్పాలిన్ పైకి మడిచి కట్టాడు.

ఏసమ్మ గడప దిగి వస్తోంది. నతానియేలు తండ్రి తల ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

నారాయణ అతని భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అన్నాడు:

“ఇల్లొచ్చింది, ఇంగ ఏడువప్పా, మీ నాయనలో పానం లేదని నంద్యాలలో ఎత్తి పండబెట్టేటప్పుడే నాకు తెల్సు.”