దొర పారేసిన ముళ్ళు

పాపువా దీవి చిత్తడి సముద్రతీరాన దోమల మీద పరిశోధన చేసే హాడో దొరకి అనుమానం జబ్బులా పట్టుకుంది. ఆయన తిని, గుంజల మీది తన ఇంటి చెక్కనేల సందుల్లోంచి కిందికి విసిరే చేపముళ్ళని వంటమనిషి హెనావో రోజూ ఏరి సముద్రంలో కలిపేది. మంత్రగాడి చేతికి ఎంగిలి చిక్కితే ప్రాణం చిక్కినట్టేనని ఆ ఊళ్ళో పసివాళ్ళకీ తెలుసు. దొరకి మాత్రం ఆమే మంత్రగత్తెలా కనిపించింది.

"ఇంకోసారి నా ఎంగిలి ముట్టావో, కాల్చేస్తా!" అని తుపాకీ చూపించాడు.

"కుక్క ముట్టని ముళ్ళ కోసం చస్తావుటే? వదిలెయ్," అన్నాడు హెనావో మొగుడు వాగీ.

వదిలేసింది. ఆ రాత్రి దొర ఇంటి కింద ఎవరో ముళ్ళు ఒక్కొక్కటే ఏరుతున్న చప్పుడు.

"హెనావో! నువ్వేనా?" పైనుంచి దొర అరిచాడు.

"నేను వంటపాకలో ఉన్నా దొరా, మా ఆయన పక్కన."

తుపాకీ పేలింది. చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది, తొందరేమీ లేనట్టు.

అంతా సద్దుమణిగాక ఆమె లాంతరు పట్టుకుని చూసింది. ఇసుక మీద ఒక్క ముల్లూ లేదు, ఒక్క అడుగూ పడలేదు.

"రేపట్నుంచి నువ్వే ఏరమ్మా," పైనుంచి పసిపిల్లాడిలా అన్నాడు దొర.

"అలాగే దొరా," అంది హెనావో, ఆ నున్నటి ఇసుకకేసే చూస్తూ.