స్ప్రింగు ముట్టలేదు

కాణిపాకం గుడి ముందు ఐశ్వర్య మూడోసారి చెప్పులు విడిచింది. అంతకుముందు రెండుసార్లూ మళ్లీ వేసుకుని బండి దాకా వెళ్లి వచ్చింది.

లోపల తండ్రి తిరుమలయ్య స్నానం చేస్తున్నాడు. తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చేయాలి. చిత్తూరు వైపు దొంగలు కూడా ఆ గుడిలో అబద్ధమాడరు.

గొడవ రేసు కారు స్ప్రింగులది. కారు యోగానందది. నడిపేది ఐశ్వర్య. బాగుచేసేది తిరుమలయ్య. పోయిన నెల యోగానంద వెనక చక్రాలకు గట్టి స్ప్రింగులు తెప్పించి వేయించాడు. ట్రాకు నాలుగో మలుపులో గతుకులున్నాయి. అక్కడ చక్రాలు నేల విడిచి ఎగిరేవి. కారు రెండుసార్లు గోడ దాకా జారింది.

"మెత్తటివి వేద్దామప్పా" అన్నాడు తిరుమలయ్య.

"ఇది రేసు కారా, ఉయ్యాలా? స్ప్రింగు మీద సెయ్యి పడిందంటే నువ్వూ నీ కూతురూ ఇంటికే" అన్నాడు యోగానంద.

బుధవారం ప్రాక్టీసులో కారు నాలుగో మలుపును నేల కరుచుకుని తిరిగింది. ఇవి ఆ గట్టి స్ప్రింగులు కావని ఐశ్వర్యకు సీట్లోనే తెలిసిపోయింది. గట్టు మీద నుంచి చూసిన యోగానందకూ అనుమానం వచ్చింది. మర్నాడు షెడ్డులో కారు ఎత్తించి స్ప్రింగుల మీద నంబరు చదివాడు. తను తెప్పించినవే.

"ప్రాక్టీసుకు మార్చి, మళ్లా ఇవే పెట్టేసినావు."

"లేదప్పా."

"కాణిపాకంలో సెప్తావా?"

"సెప్తా."

అప్పటినుంచి ఐశ్వర్యకు అన్నం సయించలేదు. ఆదివారం రేసు. తన సీటు కోసం నాయన దేవుడి ముందు అబద్ధమాడబోతున్నాడు.

తిరుమలయ్య నీళ్లోడుతూ వచ్చాడు. ఆమె అడ్డం నిలబడింది.

"వద్దు నాయనా. నేను కారు తోలను. ఇంటికి పోదాం రా."

"నువ్వుండు పాపా."

ఆమెను తప్పించుకుని యోగానంద వైపు తిరిగాడు. "ఏమని సెప్పల్ల? మాట నువ్వే సెప్పప్పా. నువ్వు సెప్పిందే అంటా."

"ఈ కారు స్ప్రింగులు నేను మార్చలేదు, ముట్టలేదు. అంతే."

తిరుమలయ్య ఒక్క అక్షరం పొల్లుపోకుండా అన్నాడు. హారతి కళ్లకద్దుకున్నాడు. ఐశ్వర్య తల ఎత్తలేదు.

యోగానంద అతని భుజం తట్టాడు. "తప్పుగా అనుకుంటినప్పా. సూస్తివా, నా స్ప్రింగులే సర్దుకున్నాయి. ఆదివారం పాపే తోలల్ల."

ఐరాల దారిలో తండ్రి వెనక బండి మీద కూర్చుని ఐశ్వర్య ఉండబట్టలేక అడిగింది.

"నా కోసం అంత అబద్ధం ఎందుకు సెప్పినావు నాయనా?"

తిరుమలయ్య గేరు తగ్గించాడు.

"అబద్ధం యాడుండాది పాపా, నేను స్ప్రింగు ముట్టలేదు, అది తొడిగుండే షాకబ్జరు పై బోల్టు విప్పి రెండించీలు లోపలికి వాల్చి బిగించినా, అట్ల వాలితే ఎంత గట్టి స్ప్రింగైనా మెత్తబడతాది."