మోగని బ్యాండు

నగేష్ చేతికున్న బ్యాండు మళ్ళీ మోగింది. ఇనుప చువ్వలు కడుతున్నవాళ్ళంతా చేతులాపి అతని వైపు చూశారు.

"పెండ్లికొడుక్కు పిలుపొచ్చింది. పో బిడ్డా, పోయి పందిట్ల కూసో," అన్నాడు తిరుమల్. అందరూ నవ్వారు.

నగేష్ నవ్వలేదు. తల వంచుకుని నీడ కోసం వేసిన షెడ్డు వైపు నడిచాడు.

"ఫిర్ బైఠ్ గయా?" ఫోర్‌మన్ గొంతు వెనకనుంచి తరిమింది. "కూర్చునేవాళ్ళకు ఇక్కడ పని మాఫీ, పనే లేదు. టికెట్ కొట్టి ఇంటికి పంపిస్తా!"

గల్ఫ్‌లోని ఆ మెసైమీర్ సైటులో అందరి చేతులకూ బ్యాండ్లు పెట్టింది జపాన్ మేడం. ఎండలో పనిచేసే మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో పరిశోధించడానికి వచ్చిన డాక్టరామె. ఒంట్లో వేడి హద్దు దాటితే బ్యాండు మోగుతుంది. మోగినవాడు నీడకు పోవాలి. ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి. ఇదంతా ఆమె పక్కన నిలబడి తెలుగులో చెప్పింది ఆమె సహాయకుడు గురుప్రసాద్. ఆమె నేర్చుకున్న తెలుగు ముక్క మాత్రం ఒక్కటే: "పానం ఎట్లున్నది?" వచ్చినప్పుడల్లా ఒక్కొక్కరినీ అడిగేది. అందరూ "మంచిగున్నది మేడం" అనేవాళ్ళు. బాగాలేదంటే ఇంటికి పంపేస్తారని భయం.

ముత్యం నీళ్ళసీసా తెచ్చి బావమరిది పక్కన కూర్చున్నాడు.

"తాగు."

"నాకేం కాలే బావా. కండ్లు జర మసకలైనయి, గంతే." నగేష్ సీసా అందుకున్నాడు గానీ తాగలేదు. "నీదెందుకు మోగదు? నాకంటే పెద్దోనివి. పొద్దటిసంది సలాకలు మోస్తనే ఉన్నవు."

"నాది ఎండిన కట్టె రా. దీన్ని ఇంకేం ఎండవెడ్తది?"

"అయితె నీది నాకియ్యి. నాది నువ్వు పెట్టుకో."

"ఎవలది ఆళ్ళే పెట్టుకోవాలన్నరు గదా."

"ఆళ్ళకేం ఎరుక? ఎవన్ని ఉంచాల్నో, ఎవన్ని పంపాల్నో ఈ నెలలనే ఫోర్‌మన్ చెప్తడట. నన్ను పంపిస్తె అక్కకేం చెప్తవు?"

అక్క అంటే ముత్యం భార్య స్వర్ణ. బయలుదేరేనాడు తమ్ముడి చెయ్యి తెచ్చి ముత్యం చేతిలో పెట్టింది. ముత్యం అటూ ఇటూ చూసి తన బ్యాండు ఊడదీశాడు.

మరునాడు ఎండ నెత్తిమీదికి రాకముందే నగేష్ పాత బ్యాండు ముత్యం చేతిమీద మోగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నగేష్ పగలబడి నవ్వాడు.

"సూసినవా! దోషం మిషన్ల ఉన్నది బావా, నా ఒంట్ల కాదు!"

ముత్యానికి గుండెల మీది బరువు దిగినట్టయింది. తల కొంచెం దిమ్ముగా ఉంది గానీ లెక్కచేయలేదు. పాడైన మిషన్ పుణ్యాన నీడ దొరికింది, కూర్చుందాం అనుకున్నాడు.

"ఇయ్యాల పెండ్లికొడుకు మారిండే!" అని తిరుమల్ కేక వేశాడు. ముత్యం షెడ్డులోంచి చెయ్యి ఊపాడు.

అక్కడినుంచి నగేష్‌ను చూస్తూ కూర్చున్నాడు. ఎన్నడూ లేనంత హుషారుగా చేస్తున్నాడు. ఫోర్‌మన్ వెళ్ళి భుజం తట్టాడు. నడుము ఎత్తినప్పుడల్లా నగేష్ ఒకసారి మణికట్టు చూసుకుంటున్నాడు. అది మోగడంలేదు. మళ్ళీ వంగుతున్నాడు. తిరుమల్ నీళ్ళకు రమ్మంటే, "నీదే మోగుతదేమో సూస్కో," అని ఎగతాళి చేశాడు.

ఒకసారి నడుమెత్తి, బావకు కనబడేలా బ్యాండు చెయ్యి పైకెత్తాడు. చూడు, మోగలేదు అన్నట్టు. ఆ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా చువ్వల మీద బోర్లా పడ్డాడు. ముత్యం పరుగెత్తి వెళ్ళి ఒళ్ళు ముట్టుకుంటే పెనం ముట్టుకున్నట్టుంది. చెమట చుక్క లేదు. బ్యాండు అప్పుడూ మోగలేదు.

ఆసుపత్రి వెనక, శవాలుంచే గది బయట నీడ లేదు. ముత్యం గోడ పక్కన ఎండలోనే నిలబడ్డాడు. గురుప్రసాద్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సారూ," అన్నాడు ముత్యం, "మీ మిషన్ మంచిది గాదు. పానం పోతున్నా మోగలే."

"అదే మేడంకీ అర్థం కావట్లేదు ముత్యం. నగేష్‌ది మోగే రకమే."

"మోగే రకమా?"

"అన్నీ మోగవు. సగం బ్యాండ్లు మోగకుండానే చేశారు. వేడి ఎంతో లోపల రాసుకుంటాయి, అంతే. మోగడంవల్ల మనుషులు దక్కుతున్నారని తేలాలంటే మోగనివాళ్ళు కూడా ఉండాలి కదా. ఎవరిది ఏ రకమో మీకు చెప్పకూడదు. చెబితే అందరూ మోగేదాని కోసం మార్చుకుంటారని."

"మరి నాది?"

"నీది మోగని రకం. అందుకే మేడం బెంగంతా నీమీదే. నగేష్‌కి ఏం ఫర్వాలేదు, వాడిది మోగుతుంది అనుకుంది."

అంతలో తలుపు తోసుకుని జపాన్ మేడం బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ముత్యం ముందు తల వంచి నిలబడింది. ఏదో చెప్పాలని చూసింది. చివరికి తనకొచ్చిన ఆ ఒక్క ముక్కే అడిగింది.

"పానం ఎట్లున్నది?"

ముత్యం చొక్కా చెయ్యి మణికట్టు మీదికి లాక్కుని గుండీ పెట్టుకున్నాడు.

"మంచిగున్నది మేడం," అన్నాడు.

చొక్కా కింద నగేష్ బ్యాండు మోగింది.