బొగ్గుతో రాసిన మాట

ఛాందసుడు అన్న మాట పొగడ్తా, తిట్టా? జగన్నాధానికి ఏళ్లుగా తేలని అనుమానం. ఊళ్లో తన వెనక ఆ మాట వినపడుతూనే ఉంటుంది.

ఇప్పుడది భోగాపురంలో అతని ఇంటి గోడ మీదికే ఎక్కింది. గేటు పక్కన, బొగ్గుతో, జానెడేసి అక్షరాలు. భార్య దుర్గాభవాని అతను చూసేదాకా ఆగి, తడిగుడ్డతో తుడిచేసింది. మర్నాడు తెల్లారేసరికి మళ్లీ ఉంది.

ఇద్దరూ గుడికెళ్లినప్పుడు పూజారిని అడిగాడు.

“ఛందస్సంటే వేదం. వేదం చదివినవాడు ఛాందసుడు. గొప్ప మాటేనయ్యా.”

“మరి తిట్టెలాగయ్యింది పంతులుగారూ?” దుర్గాభవాని మెల్లగా అడిగింది.

“తమకి తెలిసిందే వేదమని, పక్కవాణ్ణి మనిషిగా చూడనివాళ్లు కొందరుంటారు కదమ్మా. వాళ్లని చూసి జనం అలా మార్చేసుకున్నారు.”

జగన్నాధం మొహం మాడిపోయింది.

“ఇది ఆ ఎదురింటోడి పనేనే,” అన్నాడు దారిలో.

ఎదురింట్లో రాబర్ట్, రూబీ అద్దెకుంటున్నారు. విమానాశ్రయం పనులకొచ్చిన కుటుంబం. ఆదివారం వాళ్లింట్లో ప్రార్థన పాటలు మొదలైనప్పటి నుంచి జగన్నాధం వాళ్లని వీధి కుళాయి దగ్గరికి రానివ్వడం లేదు. చంటిపిల్లని చంకనేసుకుని రూబీ పక్క వీధి నుంచి నీళ్లు మోసుకుంటోంది.

సాయంత్రం బావమరిది అప్పారావు ఇంకో ముగ్గురిని వెంటేసుకుని వచ్చాడు.

“తెల్లారగట్ల రాయడానికొస్తాడు గదా బావా. బొగ్గుతో సహా పట్టుకుందుము. ఆ సెయ్యి ఇంక రాయనేకుండా సేద్దుము.”

“ఇరిసేయండి,” అన్నాడు జగన్నాధం. “నానే ఇరిసేస్తాను.”

“ఎవులైనానా?” అడిగింది దుర్గాభవాని.

“ఎవులైనా! అమ్మోరి మీద ఒట్టు.”

“ఒట్టెందుకండీ,” అంది ఆమె. అందరికీ టీ తెచ్చిచ్చింది.

వాళ్లు వీధి మలుపులో ఆటో వెనక నక్కారు. కర్రలు కాళ్ల దగ్గర పెట్టుకున్నారు. తెలవారుతుందనగా దుప్పటి ముసుగేసుకున్న ఆకారమొకటి గోడ దగ్గర వంగింది. ఏ గుమ్మంలోంచి వచ్చిందో చీకట్లో తెలియలేదు. బొగ్గు గీస్తున్న చప్పుడు మాత్రం వినపడింది.

ఐదుగురూ చుట్టుముట్టారు. అప్పారావు ముసుగు లాగేశాడు. జగన్నాధం ఒక చేత్తో కర్ర ఎత్తి, రెండో చేత్తో సెల్‌ఫోన్ లైటు వేశాడు.

చెయ్యి గోడ మీంచి తియ్యకుండానే దుర్గాభవాని అంది: “మీలో తప్పుంటే దాచకుండా సెప్పమని పెళ్లైన కొత్తలో మాట తీసుకున్నారు గదా, ఆ బాకీ తీరస్తన్నాను, ఇంకొక్క అచ్చరం ఉన్నాది, అందాకా ఆగండి.”